గోడ అవతలి తీగ

"ఆ గోడ అవతలి నుంచి వచ్చే తీగ నాకొద్దు. పీకేయమ్మా!" కటింగ్ ప్లేయర్ చేతబట్టుకొని అరిచాడు రామకోటయ్య.

బేతంచెర్లలోని ఆ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీని పంచుకున్నాక, అన్నదమ్ములు నడుమ గోడ కట్టుకొని మాటలు మానేశారు. అన్న రామకోటయ్య వాటాకొచ్చిన, బిల్లులు నడిపే యూనిక్స్ సర్వర్ నుంచి లారీల కాటాకు మాత్రం పాత తీగలే ఉన్నాయి. ఒకటి ఇటు నుంచి, ఇంకొకటి తమ్ముడు తిరుపాలయ్య వైపు నుంచి.

"డిస్కులు రెండు పెట్టినట్టే తీగలూ రెండు పెట్టినారు శెట్టిగారూ. ఒకటి పోతే సర్వరే రెండోదానికి మారుకుంటాది," అంది కడప నుంచి వచ్చిన ఇంజనీరు శివాని. "ఉండండి, మీ పక్కది బాగుండాదో లేదో చూసి..."

"వాని దయ నాకేం అక్కర్లే!"

టక్కున కత్తిరించాడు. తెగిన కొస గోడ కన్నంలోకి జారిపోయింది. కాటా దగ్గర కంప్యూటర్ ఆగింది. లారీల హారన్లు మొదలయ్యాయి.

శివాని స్క్రీన్ చూసి తలెత్తింది. "మీ పక్క తీగ ఎప్పుడో పోయింది శెట్టిగారూ. ఇన్నాళ్లూ మీ బిల్లులన్నీ ఆయన పక్క నుంచే పోతాండాయి."

"వానికి తెలుసునా?"

"తెలుసు. కరెంటు పోయినా మీ తీగ ఆగకుండా, అది పోయే స్విచ్ డబ్బాను ఆయన ఇన్వర్టర్‌కు కలిపించినాడు. పొద్దున పోయి చూసినా."

రామకోటయ్య గోడ కన్నం వైపు తిరిగాడు.

అంతలో కన్నంలోంచి తీగ కొస మెల్లగా బయటికొచ్చింది. వెనకే తిరుపాలయ్య గొంతు.

"నీ మీద ప్రేమ కారిపోయి కాదు. నీ లారీలు నా గేటుకు అడ్డం నిలబడినాయి."

రామకోటయ్య ప్లేయర్ కింద పెట్టి, తీగ కొస పట్టుకున్నాడు.

"ఇంకొంచెం తొయ్‌రా," అన్నాడు.