పార్లూరో, పార్లూరి, పార్లూరా

"మాస్టారూ, 'మాట్లాడతానేమో' అనాలంటే ఇటాలియన్‌లో ఏమంటారు?"

మూడో బెంచీ ఆవిడ ఈ మాట అడగ్గానే మాస్టారి చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. ఆవిడ తరగతిలో చేరి అరగంట కూడా కాలేదు. మిగతా ఏడుగురూ బోర్డు మీద ఏముంటే అది బుద్ధిగా ఎక్కించుకునే రకం. పార్లో, పార్లి, పార్లా: మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు. నిన్నటి సంగతులకీ రేపటి సంగతులకీ కూడా పట్టికలు పూర్తయ్యాయి. ఇంతవరకూ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఈవిడకి మాత్రం వస్తూనే అనుమానార్థకం కావాలట!

"తొందరేముందమ్మా, ఆ పాఠమూ వస్తుందిగా."

"ఇవాళే కావాలండీ. నాకు చాలా అవసరం."

అసలు సంగతేమిటంటే, మాస్టారికి ఇటాలియన్ రాదు. పదిహేనేళ్లుగా ఆయన చెప్పేది ఫ్రెంచి. ఫ్రెంచికి మనుషులు రావడం మానేశాక, ఇన్‌స్టిట్యూట్ నడిపే మేడమ్ "ఇటాలియన్ వచ్చా?" అని అడిగింది. ఉద్యోగం ఊడేటట్టుంటే మనిషికి రాని భాషేముంటుంది? "రాకేం!" అనేశారు.

ఇంట్లో ఇల్లాలు కాలక్షేపానికి ఫోన్లో ఎవరో టీచరమ్మ దగ్గర ఇటాలియన్ నేర్చుకుంటోంది. మధ్యాహ్నం ఆవిడ నేర్చుకున్నది సాయంత్రం ఈయన నేర్చుకుని, మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి తరగతిలో ఒప్పజెప్పేస్తారు. చదువు ఊరికే రాదుగా, ఇల్లాలికి గురుదక్షిణ ఇచ్చుకోవాలి. భూతకాలం మొత్తానికి ఉల్లిపాయలు తరిగారు. భవిష్యత్తుకి గిన్నెలు తోముతున్నారు.

నిన్న మాత్రం ఇల్లాలు చేతులెత్తేసింది.

"అనుమానార్థకం రేపు చెబుతానందండీ మా టీచర్. నేనేం చెయ్యను?"

ఇప్పుడు ఎనిమిది మొహాలు ఆయన్నే చూస్తున్నాయి. మాస్టారు బోర్డు వైపు తిరిగి, దేవుడి మీద భారం వేసి, నోటికొచ్చింది రాసేశారు: పార్లూరో, పార్లూరి, పార్లూరా.

"బస్సు స్టాపుల పేర్లలా ఉన్నాయేంటండీ?" అన్నాడు ముందు బెంచీలోని బట్టతలాయన.

"సంగీతంలాంటి భాష నాయనా. చెవులుండాలి."

రేపు పొద్దున్నే లెంపలేసుకుని దిద్దుకోవాలి అనుకుంటూ ఆ సాయంత్రం ఇంటికి చేరారు.

"ఏమోయ్, అనుమానార్థకం వచ్చిందా?"

"వచ్చింది. ముందు గిన్నెలు."

గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని నోట్సు తెరిచారు. పార్లూరో, పార్లూరి, పార్లూరా. ఆయన కుర్చీలో కూలబడిపోయారు.

"ఏమైందండీ? మంచినీళ్లు తేనా?"

"ఇది... ఇది పొద్దున్న నేను ఊహించి చెప్పానే!"

"మీరా? పంచదార డబ్బా ఏదో ఉప్పు డబ్బా ఏదో ఈనాటికీ ఊహించలేరు. ఇటాలియన్ ఊహించారా?"

మర్నాడు తరగతిలో మూడో బెంచీ ఆవిడ 'డబ్బుంటే నిద్రపోయేదాన్ని' అనే షరతుల రూపం అడిగింది. మాస్టారు ఈసారి భయపడుతూనే దోర్మంగో, దోర్మంగి అని వదిలారు. సాయంత్రం నోట్సులో అక్షరం పొల్లుపోలేదు. ఆ మర్నాడు ఆజ్ఞార్థకానికి 'పార్లండో' అన్నారు. అదీ నిజమైంది.

"పక్కింటివాళ్లు కేకేసినట్టుంది కదండీ ఈ మాట!" అని ఇల్లాలు పడీపడీ నవ్వింది. "కానీ మా టీచర్ అదే రాయించింది."

"భాష అనేది కొందరికి రక్తంలో ఉంటుందోయ్," అన్నారు మాస్టారు. "మా వంశంలో ఎవరో ఓడెక్కి వచ్చుంటారు."

"ఆ ఓడలో అంట్లు ఎవరు తోమారో అడిగి చెప్పండి."

ఆయన ఆ రోజు నుంచి గిన్నెలు ముట్టుకోలేదు. నోట్సు చూడడం కూడా కేవలం టీచరమ్మ సరిగ్గా చెబుతోందో లేదోనని. పదిహేను రోజుల్లో అన్ని అర్థకాలూ, అన్ని కాలాలూ అవలీలగా కానిచ్చేశారు.

అప్పుడు మేడమ్ గదికి పిలిపించింది.

"మాస్టారూ, ఒక కంపెనీవాళ్లు యాభైమందిని మన దగ్గర చేర్పిస్తామంటున్నారు. ముందు మీ పాఠం సరైనదో కాదో ఇటాలియన్ వచ్చిన బయటివాళ్లని అడిగి తేల్చమన్నారు. తేడా వస్తే మాత్రం, ఏమనుకోకండి, ఆ మర్నాటి నుంచి మీరు రానక్కర్లేదు."

నెల కిందటైతే మాస్టారికి ముచ్చెమటలు పోసేవి. ఇప్పుడు నవ్వారు.

"అంతేనా మేడమ్? మా ఆవిడకి చెప్పే టీచరమ్మ ఉంది. నేనెవరో ఆవిడకి తెలీదు, ఆవిడెవరో నాకు తెలీదు. అయినా మా ఇద్దరి మాటకీ వెంట్రుకవాసి తేడా రాదు. నంబరు రాసుకోండి."

"ముందుగా ఓ మాట చెప్పి ఉంచనా ఆవిడకి?"

"అస్సలొద్దు. కుమ్మక్కయ్యామంటారు. తరగతిలోనే, అందరి ముందూ, స్పీకర్ పెట్టి అడగండి."

మర్నాడు ఎనిమిదింటికి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి పట్టిక నింపేశారు. ఎనిమిది మందీ ఎవరి బెంచీల్లో వాళ్లు కూర్చున్నారు. కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మొదలెడదామా మాస్టారూ? ఆలోచించుకోండి," అంది మేడమ్.

"ఆలోచించేదేముంది? కొట్టండి నంబరు."

మేడమ్ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ బల్ల మీద ఉంచింది. ముందు బెంచీలవాళ్లు మెడలు సాచారు. మాస్టారు మాత్రం చేతులు కట్టుకుని, చిరునవ్వుతో ఆ ఫోన్ వైపే చూస్తున్నారు.

మూడో బెంచీలో ఫోన్ మోగింది.