విరిగిన అగ్గిపుల్లలు

"పిన్నిగారూ, ఆ కొవ్వొత్తిని కర్టెన్‌కి దూరంగా జరుపుతారా?"

గది అద్దెకు అడగడానికి వచ్చిన కుమారి మొదటి మాట అది.

గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు.

మార్తమ్మ భర్త ఏలీయాను సమాధి చేసి వారం కాలేదు. ఆయన ఫోటో ముందు లావుపాటి కొవ్వొత్తి వెలుగుతోంది. జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా అది ఆరకూడదని ఆమె పట్టుదల. దీపంతో పనిలేదమ్మా అని పాస్టర్ గారు చెప్పినా వినలేదు.

"ఆయన్ని చీకట్లో ఉంచలేనమ్మా," అంటూ కొవ్వొత్తిని జరిపింది.

"కింద పళ్లెంలో నీళ్లు పోసి పెట్టండి. కొత్తది వెలిగించే ముందు వత్తి కొస కత్తిరించండి. మంట ఎగరదు."

చెప్పింది గానీ కుమారి చెయ్యి వెయ్యలేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"బంటుమిల్లి అవతలండీ. ఇక్కడ అవనిగడ్డలో బట్టల కొట్లో పని దొరికింది."

మాట్లాడుతూనే ఫోటో వంక చూస్తోంది.

ఫోటోలో ఏలీయా ఆర్టీసీ ఖాకీ చొక్కాలో ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేతి కింద దాచుకున్నాడు. బస్సు రేడియేటర్ నీళ్లు పడి కాలిందని ఆయన చెప్పిన చెయ్యి అది.

పక్క గది కుమారికి ఇచ్చింది మార్తమ్మ.

మంచి మనిషే. తెల్లారేసరికి వాకిలి ఊడ్చేది. వంట మాత్రం కరెంటు కుక్కర్లోనే.

"పొయ్యి ఎప్పుడు వెలిగిస్తావే, నా పెళ్లికా?"

"మీరు సంబంధం చూసుకోండి, అప్పుడు చూద్దాం," అని నవ్వేది కుమారి.

సాయంత్రాలు మార్తమ్మ స్త్రీల ప్రార్థనకు వెళ్లాలి.

"నేనొచ్చేదాకా ఆ కొవ్వొత్తి దగ్గర కూర్చుంటావా?"

కుమారి గుమ్మం వైపు ఒక అడుగు వేసింది.

"మీరు లేనప్పుడు ఆర్పేద్దామా పిన్నిగారూ? మళ్లీ వెలిగించుకోవచ్చు."

"ఆర్పడానికైతే నువ్వెందుకు? ఆరనివ్వనని మాటివ్వు."

"... సరేనండీ."

ఆ తర్వాత ఏ సాయంత్రం తిరిగొచ్చినా కొవ్వొత్తి వెలుగుతూనే కనిపించింది.

"కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండరు," అని చర్చిలో అందరికీ చెప్పుకుంది మార్తమ్మ.

ఒకరోజు పైపుల కోసం వీధి తవ్వేశారు. మార్తమ్మ దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చింది.

ఏలీయా ఫోటో చీకట్లో ఉంది.

కొవ్వొత్తి మీద వేలు పెట్టి చూసింది. మైనం గట్టిపడిపోయి ఉంది.

కుమారి వీధి మెట్టు మీద కూర్చుని ఉంది. పిడికిట్లో అగ్గిపెట్టె.

ఇంతలో పక్కింటి గేటు చప్పుడైంది. తమ గేటే అనుకుని కుమారి ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తింది. తలుపు చాటునున్న మార్తమ్మను చూడలేదు.

మొదటి పుల్ల విరిగి కొవ్వొత్తి కింది నీళ్ల పళ్లెంలో పడింది. రెండోదీ విరిగింది. ఇంకోటి వెలిగింది. మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి వీలైనంత దూరం చాపి, కొవ్వొత్తి అంటించింది.

ఆ చేతులు వణుకుతున్నాయి.

దొంగ చేతులు అలాగే వణుకుతాయి అనుకుంది మార్తమ్మ.

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావీ పని?"

కుమారి తల దించుకుంది. "రోజూనండీ. మీరు గేటు దాటగానే ఆర్పేసేదాన్ని. గేటు చప్పుడు వినగానే వెలిగించేదాన్ని."

"మాటిచ్చావు కదే."

"లోపల కూర్చోలేకపోయానండీ. మనిషి లేని గదిలో మంట ఉంచకూడదు కదండీ."

"గాలికి ఆరిందంటే ఊరుకునేదాన్ని. నువ్వు ఆయన్ని చీకట్లో ఉంచి, నాకు వెలుగు చూపించావు. రోజూ నన్ను నమ్మించావు."

కుమారి ఏదో చెప్పబోయింది. ఫోటో వంక చూసి ఆగిపోయింది.

"గది ఖాళీ చెయ్యి."

మర్నాడు మొదటి బస్సుకే కుమారి వెళ్లిపోయింది. మార్తమ్మ తలుపు తియ్యలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయిపోయాక కుమారి తమ్ముడు అంజి వచ్చాడు, అక్క వదిలేసి వెళ్లిన కుక్కర్ కోసం.

"తను రాలేదేం? మొహం చెల్లకా?"

"మస్కట్ వెళ్లిపోయిందండీ, ఇంటిపనికి. వీసా ఎప్పుడో వచ్చింది. ఈ ఇంట్లో కూడిక అయ్యేదాకా కదలనని ఆపుకుంది. మీరు పొమ్మన్నాక ఇంకెందుకని విమానం ఎక్కేసింది."

మార్తమ్మ కుక్కర్ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"మీ అక్క నన్ను మోసం చేసింది బాబూ. ఇదిగో, దాని అగ్గిపెట్టె కూడా పట్టుకుపో."

అంజి చెయ్యి చాపలేదు.

"ఇది మా అక్కది కాదండీ. అక్క అగ్గిపుల్ల ముట్టుకోదు."

"నా కళ్లారా చూశాను. రోజూ గీసింది."

అంజి మెట్టు మీద కూలబడ్డాడు.

"గీసిందా అండీ?"

అగ్గిపెట్టె వంక చూస్తూ చెప్పాడు.

"కొన్నేళ్ల కిందట తుఫాను వెళ్లాక ఊళ్లో కరెంటు లేదండీ. తన పాపను దోమతెరలో పడుకోబెట్టి, పక్కన కొవ్వొత్తి పెట్టి అక్క నీళ్లకి బోరింగు దగ్గరకెళ్లింది. వచ్చేసరికి తెర అంటుకుంది. అక్క మంటల్లోకి దూకేసింది. డిపోకెళ్తున్న ఖాళీ బస్సు ఆపి, ఒకాయన వెనకే దూకి అక్కని ఎత్తుకొచ్చాడు. పాప కోసం మళ్లీ వెళ్లాడండీ. పాప దక్కలేదు. అప్పట్నుంచి మంట ఉన్న గదిలో అక్క నిలబడలేదు. పొయ్యి కూడా మా అమ్మే వెలిగించేది."

మార్తమ్మ నీళ్ల పళ్లెం వంక చూసింది. విరిగిన పుల్లలు ఇంకా అందులోనే తేలుతున్నాయి.

"ఆయన పేరు చెప్పలేదండీ. పాపను తేలేనివాడికి పేరెందుకు, ఎవరికీ చెప్పకండి అని వెళ్లిపోయాడు. మొన్నీమధ్య అవనిగడ్డ సెంటర్లో సంతాపం ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో చూసి అక్క గుర్తుపట్టింది."

"ఎవరాయన?"

అంజి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఫోటోలో ఏలీయా దాచుకున్న కుడిచేతి మీద వేలు పెట్టాడు.