మూసిన దారి

ఇన్నేళ్ల కాపురంలో అతను పరీక్ష చేయించుకోవడం ఇదే మొదలు. అదీ, ఇద్దరి రిపోర్టులూ చూడందే మందు రాయనని కొత్త డాక్టరమ్మ భీష్మించుకుంటేనే.

“హార్మోన్లన్నీ సక్రమంగా ఉన్నాయి. మెదడు పురమాయించిన పని వృషణాలు చేస్తూనే ఉన్నాయి,” అంది డాక్టరమ్మ. “వీర్యంలో మాత్రం ఒక్క కణమూ లేదు. పైగా మీ ఒళ్లు మీ వీర్యకణాలనే శత్రువులనుకుని వాటి మీదికి యుద్ధానికి దిగింది. పిల్లలు వద్దని, కణాలు వచ్చే దారి కోసి ముడేయించుకున్న వాళ్లలోనే ఇలా ఎక్కువ. ఆపరేషన్ ఎప్పుడైంది?”

అతను రిపోర్టు అందుకుని మడతపెట్టసాగాడు.

“అడుగుతున్నారుగా, ఎప్పుడు?” అంది భార్య.

“పెళ్లికి ముందే. నాకు పిల్లలంటే ఇష్టం లేదు. చెబితే నువ్వు ఒప్పుకోవని...”

ఆమె ఏడవలేదు. బల్ల మీది దూది అందుకుని, పొట్ట మీద చర్మం ఎర్రబడేలా రుద్దుకోసాగింది.

“ఏమైందమ్మా?” డాక్టరమ్మ కంగారుగా లేచింది.

“నేను కడుపు పండాలని వేయించుకున్న సూదులన్నీ ఈయనే పొడిచాడు డాక్టరుగారూ,” అందామె రుద్దడం ఆపకుండానే. “పొడిచిన చోటల్లా ముద్దు కూడా పెట్టాడు.”