ఫెయిలైన ఫిల్టర్

"రెండోదే తీసుకుందామండీ," అన్నాను.

ఏలూరులో నాగదుర్గారావు గారి చేపల కంపెనీలో మెయిల్ సర్వర్ చూసేది నేనే. చెత్త మెయిళ్లను ఆపడానికి రెండు సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, ఆయన ఏడాదిగా స్పామ్‌లో పడేసిన మెయిళ్లన్నీ వాటికిచ్చి పదిహేను రోజులు పరీక్ష పెట్టాను. ఆ రోజులన్నీ ఆయన ఆఫీసుకు రాలేదు. ఇవాళ గుండుతో వచ్చారు. తిరుపతి వెళ్లొచ్చారనుకున్నాను.

"రెండోది అన్నీ పట్టేసిందండీ. మొదటిది ఒక్క మనిషి దగ్గర ఫెయిలైపోయింది. ఎవరో అప్పన్నంట, భీమడోలు నెట్ సెంటర్ నుంచి నలభై మెయిళ్లు పంపాడు. మీరు అన్నిటికీ స్పామ్ నొక్కారు. ఎన్నిసార్లు నేర్పినా, అవి చెత్తంటే మాత్రం ఇది ఒప్పుకోవట్లేదండీ."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "చివరిది తియ్యండి."

తీసి, స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. ఉన్నవి నాలుగు ముక్కలే అయినా చాలాసేపు చదివారు.

"మొదటిదే పెట్టండి."

"అప్పుడు అతను పంపేవన్నీ నేరుగా మీకే వచ్చేస్తాయండీ."

"ఇంక పంపడండీ," అన్నారు గుండు తడుముకుంటూ. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డారు.

స్క్రీన్ నా వైపు తిప్పుకున్నాను. పోయిన నెల వచ్చిన మెయిలది.

'తమ్ముడూ, నువ్వు ఫోన్ ఎత్తట్లేదని ఇలా రాయిస్తున్నాను. నాకు ఒంట్లో ఏమీ బాగోలేదు. చెరువు గట్టు నువ్వే ఉంచుకో. ఒక్కసారి వచ్చి కనపడు.'