ముద్రబాబు వచ్చిన రోజు

ఆ పొద్దున వాన కురవదు, ఎండ కాయదు. ఆకాశం అలిగిన మనిషిలా మొహం మాడ్చుకుని ఉంది. వసారాలో తోటాయన అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాడు.

“తోట ఎవరిది?”

“నాది,” అంది ఆమె.

“పళ్ళు నూరుతూ చెబితే ఎవడు నమ్ముతాడు? కాస్త నవ్వు.”

“నవ్వు కూడా మీరు రమ్మన్నప్పుడే రావాలా?”

ఇంకో రోజైతే ఆ మాటకి కొండ అవతలికి వినపడేలా అరిచేవాడు. ఆ రోజు మింగాడు. ముద్రబాబు వచ్చే వేళయింది.

ముద్రబాబంటే కాఫీ తోటలు తనిఖీ చేసే సంస్థ మనిషి. అతను సరేనంటే ఈ తోట గింజల పొట్లం మీద ‘మహిళా రైతు పండించినది, కూలీలను గౌరవించినది’ అని ఆకుపచ్చ ముద్ర పడుతుంది. ముద్ర ఉంటే మంచి ధర, లేకపోతే గుంపులో గోవిందా. దాని కోసమే తోటాయన తోటని పెళ్ళాం పేరున రాయించాడు. పేరు మారింది గానీ పెత్తనం మారలేదు. ఆ గొడవ ఆ ఇంట్లో అప్పటి నుంచీ ఆరలేదు.

“మరి మరుగుదొడ్డి తాళం సంగతి?” అంది ఆమె.

“ఇవాళ తీసే ఉంచాను కదా.”

“రేపు?”

“ముందు ముద్ర రానీ. తర్వాత చూద్దాం.”

ఏరు దాటాక బోడి మల్లయ్య అనడం ఆయనకి కొత్త కాదు. ముద్ర నియమం కోసం ఆడకూలీలకని కట్టిన మరుగుదొడ్డి అది. తనిఖీ రోజు తప్ప ఎప్పుడూ తాళమే. తెరిస్తే నీళ్ళు మోయించాలట, కడిగించాలట. పండ్లు కోసే ఆడవాళ్ళు వాగు దాటి పొదల్లోకి పోతారు. పోయిన నెల అలా వెళ్ళిన ముసలామెను పాము కరిచింది. బతికింది గానీ ఆ కాలు ఇంకా నేల మీద ఆనడం లేదు.

ముద్రబాబు రొప్పుతూ మెట్లెక్కాడు. బూట్లనిండా బురద.

“పోయినసారి వచ్చినాయన రాలేదా?” అన్నాడు తోటాయన, ఏమీ తెలియనట్టు.

“ఆయనకి బదిలీ అయిందండి. ఈ వైపు నేను కొత్త.”

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పొడి కోసం ఒక్కో డబ్బా మూతా తీసి చూస్తుంటే ఆ చప్పుడు వసారాలోకి వినిపించింది.

“మేడమ్‌కి వంటింటితో పెద్ద పరిచయం లేనట్టుందే,” అని నవ్వాడు ముద్రబాబు.

“పొద్దస్తమానం తోటలోనే ఉంటుందండి. పొయ్యి దగ్గరికి వేరే మనిషి ఉంది.”

అందులో అబద్ధమేమీ లేదు.

గ్లాసు అందుకుంటూ ముద్రబాబు ఆమె వేళ్ళు చూశాడు. పండ్ల జిగురుకి గోళ్ళు నల్లబడి ఉన్నాయి.

“మీరే స్వయంగా కోస్తారా?”

“కోయకపోతే ఎలా గడుస్తుంది?”

“ఈ చేతులు చాలు మేడమ్.” అతను సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. దాని మీద బుట్ట పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. “పట్నాల్లో దీన్ని ధర చూడకుండా కొంటారు. తాగే ప్రతి గుక్కా ఒక ఆడమనిషిని నిలబెడుతోందని వాళ్ళకి తృప్తి. మీ పెళ్ళి ఫోటో ఒకటి ఉంటే ఇవ్వండి, పొట్లం వెనక వేయిద్దాం.”

“చెదలు తినేశాయండి,” అన్నాడు తోటాయన గబుక్కున.

ఆమె ఇంకా పొట్లమే చూస్తోంది. “అంటే కాఫీ తాగి కూడా హాయిగా నిద్రపోతున్నారన్నమాట,” అంది.

ముద్రబాబు పడీ పడీ నవ్వాడు. తోటాయన నవ్వలేదు.

“ఇక యజమానితో మాత్రమే మాట్లాడాలి. మీరు మధ్యలో రాకూడదు సార్. చెప్పండి మేడమ్, కూలీలకి తాగే నీళ్ళు?”

“ఇస్తున్నాం.”

“చేతి తొడుగులు?”

“ఇస్తున్నాం.” రెండుసార్లూ ఆమె నేల చూస్తూనే అంది.

“మరుగుదొడ్డి?”

తోటాయన దగ్గాడు.

“ఉంది,” అంది ఆమె. “తాళం వేసి ఉంటుంది.”

తోటాయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఇంకొక్క మాట చాలు, ముద్ర గాలికి పోతుంది. పోతే ఈ ఏడు కోత సగంలో ఆగుతుంది. ముందుగా పస్తుండేది బుట్ట పట్టిన వాళ్ళే.

“తాళం వేసేది ఈయన,” అంది ఆమె చివరికి. “ఆడవాళ్ళ అవసరం మగవాళ్ళకేం తెలుస్తుంది బాబూ. ఇవాళ్టి నుంచి తాళంచెవి కూలీల దగ్గరే ఉంటుంది. తోట నాదే అయినప్పుడు నా మాటే కదా చెల్లాలి.” తోటాయన ముందు చెయ్యి చాపింది. “ఇటివ్వండి.”

తోటాయన ఆమెని చూశాడు, ముద్రబాబుని చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, ఆమె అరచేతిలో గుచ్చుకునేలా నొక్కి పెట్టాడు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. తనిఖీ కోసం అరుగు కింద నిలబెట్టిన ఆడకూలీల దగ్గరికి వెళ్ళి, కర్ర ఊతంతో నిలబడ్డ ముసలామె చేతికిచ్చింది. ముసలామె ఆమెని ఎగాదిగా చూసి, దాన్ని కొంగున ముడేసుకుంది.

“యజమాని అంటే ఇలా ఉండాలి,” అన్నాడు ముద్రబాబు. “ముద్ర ఇస్తున్నాను. కానీ వచ్చే నెల చెప్పకుండా వస్తాను. మేడమ్ ఇక్కడే ఉండాలి, తాళంచెవి ఆ ముసలామె దగ్గరే ఉండాలి.”

“ఉంటుంది,” అంది ఆమె. ఈసారి నేల చూడలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. తోటాయన స్వయంగా ఆమెకి వడ్డించాడు. గరిటె పళ్ళేనికి తగిలి ఖంగుమంది. ముద్రబాబు ఆకలి మీద తల ఎత్తకుండా తిన్నాడు. ఆమె ముద్ద ముద్దకీ గుమ్మంలోంచి బయటికి చూస్తూ, నిదానంగా, మెతుకు మిగలకుండా తింది.

గొడవపడి పోయిన తోటాయన పెళ్ళాం పుట్టింట్లోనే ఉంది. కూలీల పాకలో ఈమె మొగుడు ఇంకా తినకుండా ఎదురుచూస్తున్నాడు.