సరిచేసిన నడుము

పాడేరులోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ సైకిల్ షాపు మిగల్లేదు. ఫోను ముందు నిలబడితే చాలు, కంపెనీ ఒళ్లంతా కొలిచి, టైటానియం ఫ్రేము తయారుచేసి డ్రోనులో పంపిస్తుంది. ఘాట్ రోడ్డు పందేలకు వెళ్లే కాసులమ్మ కూడా అలాగే తెప్పించుకుంది. చెల్లెలు నూకరత్నం సాయంతో చక్రాలు బిగించి ఎక్కి కూర్చుంటే, హ్యాండిల్ చేతికి అందలేదు. ఎప్పుడో జరిగిన ప్రమాదం నుంచీ ఆమె నడుము వంగదు.

ఫోన్ చేస్తే కంపెనీ యంత్రం మర్యాదగానే జవాబిచ్చింది.

"మీ నడుములో లోపాన్ని సరిచేసి కొలిచాం మేడమ్. అందరూ అదే కోరుకుంటారు."

ఫోను తెర మీద అచ్చం కాసులమ్మ ముఖంతో ఒక మనిషి హాయిగా ముందుకు వంగి సైకిల్ తొక్కుతోంది. కాసులమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను అడిగారా?"

"వ్యాయామం చేస్తే ఆర్నెల్లలో ఈ ఫ్రేము మీకు సరిపోతుంది మేడమ్."

"ఇన్నేళ్లూ ఈ నడుముతోనే కొండెక్కాను. నేను మారను, మీ ఫ్రేమే మార్చండి. లేదంటే దీన్ని మీ డ్రోనుకే కట్టి తిప్పి పంపేస్తాను."

నూకరత్నం టేపు తెచ్చి అక్క వెన్ను మీద ఆనించింది. తెర మీద వంగి తొక్కుతున్న మనిషి మాయమైంది.

"కొలతలు చెప్పండి మేడమ్, రాసుకుంటాను," అంది యంత్రం.

చెల్లెలు టేపు చూసి చదివిన ఒక్కో అంకెనూ, కోపం తగ్గకుండానే కాసులమ్మ ఒత్తి ఒత్తి చెప్పింది.