హేమ్లి చెప్పుకున్న ప్రార్థన

1988 మే నెలలో ఒక సోమవారం పొద్దున బిచ్యాను ఫారెస్టోళ్లు వాగు దగ్గర పట్టుకున్నారు. పోడు కొట్టిన కేసులో అతను పదకొండు రోజులుగా అక్కడ దాక్కున్నాడు.

మధ్యాహ్నానికి అతని భార్య హేమ్లి ములకలపల్లి వచ్చి చర్చి మెట్ల మీద కూర్చుంది. పాస్టరు బయటికి వచ్చారు.

“ఏలీయా ప్రవక్తను దేవుడు వాగు కాడ దాచిండు, కాకులతోటి తిండి పంపిండు అన్నవ్. గది నమ్మి నేను గూడ దినాం రొట్టెలు మోసిన. నీకు తప్ప ఎవరికీ చెప్పలే అయ్యగారూ. ఎందుకు పట్టిచ్చినవ్?”

“నేనెందుకు పట్టిస్తనమ్మా? ప్రార్థన చెయ్యమన్నవ్, చేసిన. నిన్న ఆరాధనల అందరం మోకాళ్ల మీద పడి అడిగినం, వాగు కాడున్న బిచ్యాను కాపాడు ప్రభువా అని.”

“మైకుల్నా?”

నిన్న హేమ్లి ఆరాధనకు రాలేదు. రొట్టెలు తీసుకుని వాగుకు పోయింది. చర్చి కప్పు మీది మైకు ఫారెస్టు బీట్ ఆఫీసరు ఇంటిదాకా వినబడుతుంది.

పాస్టరు ఆ మైకు వైపు చూసి మెట్టు మీద కూలబడ్డారు. “నేను పోయి బిచ్యా కాళ్లు పట్టుకుంట.”

“ఒద్దు. పొద్దున పట్టుకపోతుంటె, ఎవరికి చెప్పినవే అని నన్ను అడిగిండు. నీ పేరు తియ్యలే. ఒక్క దేవునికే చెప్పిన అన్న.”

“ఏమన్నడు?”

“గట్లయితే ఆయనే పట్టిచ్చిండు అనుకుంట జీపెక్కిండు.”